పాత క్యాబినెట్‌లో కొత్త కంప్యూటర్: ఏది ఉంచుకోవాలి, ఏది తీసేయాలి

మన ఇళ్లలో అటక మీదో, టేబుల్ కిందో ఒక పాత అసెంబుల్డ్ సిస్టమ్ ఉండటం మామూలే. పిల్లల ఇంజనీరింగ్ చదువు కోసం 2008–2014 మధ్య ఎప్పుడో చేయించినది. మానిటర్ ఇంకా పనిచేస్తుంది. కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయినా టైపు పడుతుంది. డబ్బా మాత్రం ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు. దానికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ కంటే పాత ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. అందుకే ఈమధ్య చుట్టాల దగ్గర్నుంచి, ఆఫీసులో వాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న: "క్యాబినెట్ గట్టిగానే ఉంది కదా, లోపలివి మార్చేస్తే సరిపోదా?"

చాలాసార్లు సరిపోతుంది. అయితే ఒక లెక్క ముందే చూసుకోవాలి. కొత్త క్యాబినెట్ సుమారు రెండు వేల నుంచి మొదలవుతుంది. మానిటర్ కాకుండా లోపలి సామాను మొత్తానికి ఈ రోజుల్లో ముప్పై వేలు అటూ ఇటూ పడుతుంది. అంటే పాత క్యాబినెట్ ఉంచుకుంటే మిగిలేది మొత్తం ఖర్చులో పదిహేనో వంతు. ఆ రెండు వేల కోసం బోర్డు (అన్ని భాగాలూ బిగించే మదర్‌బోర్డు) తప్పుది కొనడం, గాలి ఆడని డబ్బాలో వేడి పెంచుకోవడం, అన్నిటికంటే ముఖ్యంగా అందులో ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్‌ని (అన్నిటికీ కరెంటు అందించే పెట్టెని) కూడా "ఉంది కదా" అని వాడేయడం నష్టం బేరం. నా సలహా మొదటే చెప్పేస్తాను: డబ్బా ఉంచండి, ఎస్‌ఎంపీఎస్ తీసేయండి. మిగతాదంతా మీ అవసరాన్ని బట్టి.

ముందు డబ్బా సంగతి

షాపులో అసెంబుల్ చేయించిన క్యాబినెట్ అయితే దాదాపుగా భయం లేదు. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ కొలతలే ఇప్పటికీ నడుస్తున్నాయి. బోర్డు స్క్రూ రంధ్రాల చోట్లు, వెనక పోర్టుల కోసం ఉండే దీర్ఘచతురస్రపు ఖాళీ, ఎస్‌ఎంపీఎస్ బిగించే నాలుగు స్క్రూలు, ఇవేవీ మారలేదు. 2009 నాటి డబ్బాలో ఈ ఏడాది బోర్డు కూర్చుంటుంది. ఇన్ని మారిన ఈ రంగంలో ఇది ఒక్కటి ఇలా నిలబడటం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

బ్రాండెడ్ డబ్బాల సంగతి వేరు. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడళ్లలో చాలా వాటికి బోర్డు ఆకారం, ఎస్‌ఎంపీఎస్ కొలత, దాని ప్లగ్గు, ముందు బటన్ వైర్ల కనెక్టర్ అన్నీ ఆ కంపెనీ సొంతం. బయట దొరికే మామూలు బోర్డు అందులో పట్టదు, పట్టినా పవర్ బటన్ వైరు ఎక్కడ పెట్టాలో తెలియదు. గుర్తుపట్టడానికి డబ్బా వెనక్కి తిప్పి చూడండి. పోర్టుల చుట్టూ ఉన్న రేకు విడిగా ఊడి వచ్చే పలుచని ప్లేటు అయి, ఆ ఖాళీ ఇంచుమించు 16 సెంటీమీటర్ల పొడవు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉంటే అది మామూలు ఏటీఎక్స్. పోర్టుల రంధ్రాలు డబ్బా రేకులోనే నేరుగా కోసి ఉంటే దాని జోలికి వెళ్లకండి. ఇనుము కొనేవాడికి ఇవ్వడమే మేలు.

ఇంకో రెండు విషయాలు చూడాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రేకు తుప్పు పట్టి ఉంటుంది. పైపైన అయితే రుద్ది పెయింట్ వేయొచ్చు. బోర్డు బిగించే ట్రే మీద పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం వద్దు, ఆ తుప్పు పొడి బోర్డు మీద రాలుతుంది. రెండోది, వెనక కార్డు స్లాట్ల పట్టీలు ఊడిపోయి ఖాళీగా ఉన్నాయేమో చూడండి. ఆ ఖాళీల్లోంచే బల్లులు లోపలికి దూరతాయి. వెచ్చగా ఉంటుంది కదా, ఎస్‌ఎంపీఎస్ పక్కనే కాపురం పెడతాయి. బల్లి అడ్డుపడి షార్ట్ అయిన బోర్డుకి వారంటీ ఇచ్చే కంపెనీ లేదు. పట్టీలు ఏ రిపేరు షాపులోనైనా పాత డబ్బాల్లోంచి తీసి ఇస్తారు.

లోపలివన్నీ ఊడదీశాక ఖాళీ డబ్బాని నీళ్లతో కడిగి ఎండబెట్టినా ఏమీ కాదు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించేవాళ్లు ఉన్నారు. ఖాళీ డబ్బా వరకు సరే గానీ బోర్డు మీద మాత్రం ఆ గాలి కొట్టించకండి, అందులో నీటి తుంపర వస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ ఎందుకు వద్దంటున్నాను

మన దగ్గర చాలాకాలం క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ దాంతోపాటే వచ్చేది. దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని స్టిక్కర్. ఆ స్టిక్కర్‌ని నమ్మకండి, పక్కనే ఉన్న చిన్న పట్టిక చదవండి. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించండి. 15 ఆంపియర్లు అని ఉంటే 180 వాట్లు. మిగతా అంకె అంతా 5 వోల్టులు, 3.3 వోల్టుల లెక్కలు కలిపి చూపించినది. ఒకప్పుడు బోర్డులు ఆ 5 వోల్టుల మీద ఎక్కువ ఆధారపడేవి కాబట్టి సరిపోయింది. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేదంతా 12 వోల్టుల నుంచే. ఇవాళ్టి మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద 12 వోల్టుల గడిలో దాదాపు 36 ఆంపియర్లు ఉంటాయి, అంటే 432 వాట్లు. రెండిటి స్టిక్కర్ మీదా ఒకే 450. తేడా చూడండి.

"నాది పెద్ద గేమింగ్ సిస్టమ్ కాదు కదా, 180 వాట్లు చాలవా?" అంటే, అంకెల్లో చాలుతాయి. నేను కింద చెప్పబోయే ఐ3 ప్రాసెసర్ గరిష్ఠంగా తీసుకునేది 89 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన స్టోరేజీ), ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో నలభై. సమస్య వాట్లు కాదు, వయసు. పదేళ్లు వేడిలో ఉడికిన కెపాసిటర్లు పైభాగం ఉబ్బి ఉంటాయి, ఉబ్బకపోయినా లోపల ఎండిపోయి ఉంటాయి. చౌకరకం యూనిట్లలో వోల్టేజీ పెరిగితే కట్ చేసే రక్షణ కూడా నామమాత్రం. అది పోయేటప్పుడు ఒక్కటే పోకుండా బోర్డునీ ఎస్‌ఎస్‌డీనీ తీసుకుపోయే ప్రమాదం ఉంది. మూడు వేలు మిగుల్చుకోవడానికి ముప్పై వేల సామాను దాని చేతిలో పెట్టడం నా మనసు ఒప్పదు.

మరీ పాతవైతే ప్లగ్గులు కూడా కలవవు. 2003లో వచ్చిన ప్రమాణంలో బోర్డు ప్లగ్గు 20 పిన్నుల నుంచి 24 పిన్నులకు పెరిగింది. ప్రాసెసర్ కోసం విడిగా ఉండే ప్లగ్గు పాతవాటిలో 4 పిన్నులు, ఇప్పటి చాలా బోర్డుల్లో 8 పిన్నుల సాకెట్.

కొత్తది కొనేటప్పుడు 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది), సరైన కంపెనీ వారంటీ, 450 నుంచి 550 వాట్లు చాలు. 750 వాట్లది కొంటే కరెంటు ఎక్కువ కాలదు గానీ డబ్బు ఊరికే కూర్చుంటుంది. పాత డబ్బాల్లో ఎస్‌ఎంపీఎస్ పైభాగంలో బిగుస్తుంది. దాని ఫ్యాన్ కిందికి, అంటే ప్రాసెసర్ వైపు చూసేలా పెట్టండి. లోపలి వేడిగాలి కొంత అదే లాగేస్తుంది. కేబుళ్లు కింది డ్రైవ్ బేల దాకా చేరతాయో లేదో కూడా చూసుకోవాలి, కానీ ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ బోర్డు మీదే కూర్చుంటోంది కాబట్టి ఇది పెద్ద సమస్య కాదు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఒక చిక్కు ఉంది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉంటుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని యూనిట్లు కరెంటు పోగానే ఆగిపోతాయి, లేదా ఇన్వర్టరే ట్రిప్ అవుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ గొడవ లేదు. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దాకా. మనం అనుకుంటున్న సిస్టమ్‌కీ మానిటర్‌కీ కలిపి సరిపోతుంది, ఫైల్ సేవ్ చేసి ఆపేసే టైమ్ దొరుకుతుంది.

అసలు లోపలివి మార్చాలా? ఇంకో మూడు దారులు

క్యాబినెట్ మీద ప్రేమ కాసేపు పక్కన పెట్టి మిగతా దారులు కూడా చూడాలి.

అన్నిటికంటే చౌక: ఉన్నదానికే ఒక సాటా (సన్నటి కేబుల్‌తో తగిలించే రకం) ఎస్‌ఎస్‌డీ తగిలించి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ లాంటిది వేసుకోవడం. ఇంటెల్ 3వ, 4వ తరం ఐ5 ఉన్న సిస్టమ్ అయితే బ్రౌజింగ్, ఉత్తరాలు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు ఇది నిజంగానే సరిపోతుంది. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే వచ్చే తేడా ప్రాసెసర్ మారిస్తే వచ్చే తేడా కంటే ముందు కంటికి కనిపిస్తుంది. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లైనక్స్‌లో కూడా ఉంది. ఇంట్లో ఎవరైనా డీటీపీ పని చేస్తుంటే మాత్రం ఆగండి. అను స్క్రిప్ట్ (తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్), పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు ఆ పాత విండోస్‌ని కదపకుండా, ఇంటర్నెట్‌కి తగిలించకుండా అలాగే ఉంచి, కొత్త సిస్టమ్ విడిగా చేసుకోవడమే క్షేమం. వాళ్ల ఫైళ్లన్నీ ఆ ఫాంట్లలోనే ఉంటాయి. డ్యుయల్ కోర్, కోర్ 2 డుయో కాలం నాటి బోర్డు మీద కొత్తగా ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

రెండో దారి రీఫర్బిష్డ్ ఆఫీసు సిస్టమ్. కంపెనీలు లీజు అయిపోయాక వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 3060, హెచ్‌పీ ప్రోడెస్క్ 600 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720 లాంటివి. వీటిలో సాధారణంగా ఉండే ఐ5-8500 ఆరు కోర్ల ప్రాసెసర్. విండోస్ 11 నేరుగా ఎక్కుతుంది, లైసెన్స్ కూడా చాలావరకు బోర్డుతోనే ఉంటుంది. సుమారు పదిహేను వేల చుట్టుపక్కల దొరికితే, కేవలం ఆఫీసు పని చేసుకునేవాళ్లకి కొత్తగా అసెంబుల్ చేయించడం కంటే నేను దీన్నే ముందు చెప్తాను. మన పాత క్యాబినెట్ అటక మీదే ఉంటుంది, ఉండనివ్వండి.

ఇక్కడ మోసం ఎలా జరుగుతుందంటే, షాపు ముందు బోర్డు మీద "ఐ7, 16 జీబీ ర్యామ్" అని రాసి ఉంటుంది. ఐ7 అన్న మాటతో పని లేదు, దాని పక్కనున్న అంకె చూడాలి. ఐ7-4770 అంటే 4వ తరం, 2013 నాటిది. విండోస్ 11కి పనికిరాదు. ఐ5-8500 అంటే 8వ తరం. ఇంకో రకం ఇంకా గడుసుది: కొత్త క్యాబినెట్, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు, లోపల పేరులేని హెచ్61 బోర్డు మీద 2వ, 3వ తరం ప్రాసెసర్, పాత రకం డీడీఆర్3 ర్యామ్. "కొత్త అసెంబుల్డ్ ఐ5, పది వేలే" అని అమ్ముతారు. బయట డబ్బా మాత్రమే కొత్తది. మనం చేయబోయేదానికి సరిగ్గా తలకిందులు. రీఫర్బిష్డ్‌లో సన్నటి మోడల్ కొంటే ఇంకో పరిమితి కూడా ఉంది. ఎస్‌ఎంపీఎస్ చిన్నది, తర్వాత మామూలు సైజు గ్రాఫిక్స్ కార్డు పెట్టలేరు.

మూడోది మినీ పీసీ. ఇంటెల్ ఎన్100 చిప్‌తో అరచేతిలో పట్టేంత డబ్బాలు వస్తున్నాయి. ఆ చిప్ 6 వాట్ల తరగతిది, కరెంటు బిల్లులో కనిపించనే కనిపించదు. టీవీకి తగిలించుకోవడానికి, పెద్దవాళ్లు యూట్యూబ్‌లో ప్రవచనాలు చూడటానికి బాగుంటుంది. ర్యామ్ ఒకే చానల్, కొన్నిటిలో బోర్డుకే అతికించి ఉంటుంది. ఏదైనా పోతే విడిభాగం మార్చడం అంటూ ఉండదు. కాలేజీ పిల్లవాడికి, రోజంతా ఇరవై ట్యాబులు తెరిచి పనిచేసేవాళ్లకి నేను చెప్పను.

ఇవేవీ నచ్చక పాత క్యాబినెట్ దారిలోకి రావాల్సింది ఎవరంటే: ఐదారేళ్లు వాడాలనుకునేవాళ్లు, రేపు ర్యామ్ పెంచుకోవాలి, ఎల్లుండి ప్రాసెసర్ మార్చుకోవాలి అనుకునేవాళ్లు, కోడింగో వీడియో ఎడిటింగో నేర్చుకుంటున్న పిల్లలున్న ఇళ్లు.

ప్రాసెసర్: ఐ3-12100 ఆ, రైజెన్ 5 5600జీ ఆ?

ఈ బడ్జెట్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు కొనం కాబట్టి, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. నా లెక్కలో పోటీ ఈ రెండిటి మధ్యే.

ఇంటెల్ ఐ3-12100కి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). ఒక్కో కోర్ వేగంలో ఇది 5600జీని దాటుతుంది. బ్రౌజర్, ఎక్సెల్, ట్యాలీ లాంటి రోజువారీ పనుల్లో మనకు తెలిసేది ఆ వేగమే. దీని గ్రాఫిక్స్ ఆటలకు పనికిరాదు గానీ, యూట్యూబ్ ఈమధ్య ఎక్కువగా వాడుతున్న ఏవీ1 వీడియోని చిప్ మీదే విప్పుతుంది. 5600జీలో ఆ సౌకర్యం లేదు, ఆ పని ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. హెచ్610 బోర్డు (ఈ ఐ3కి సరిపోయే చౌక రకం) పెట్టుకుంటే రేపు అదే సాకెట్‌లోకి ఐ5-12400, ఇంకా 13వ, 14వ తరం చిప్‌లు కూడా వస్తాయి.

రైజెన్ 5 5600జీకి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. గ్రాఫిక్స్ స్పష్టంగా మెరుగు. సెట్టింగులు తగ్గించుకుంటే వాలరెంట్, జీటీఏ 5 లాంటివి ఆడుకోవచ్చు. వీడియో ఎక్స్‌పోర్ట్ చేయడం, ప్రోగ్రామ్‌లు కంపైల్ చేయడం లాంటి వాటిలో రెండు కోర్లు ఎక్కువ ఉండటం పనికొస్తుంది. ఒక షరతు: దీనికి ర్యామ్ రెండు స్టిక్‌లుగా పెట్టాలి. లోపలి గ్రాఫిక్స్ మన ర్యామ్‌నే వీడియో మెమరీగా వాడుకుంటుంది కాబట్టి 16 జీబీ ఒకటే స్టిక్ పెడితే సగం దారి మూసేసినట్టే. 8, 8 పెట్టండి.

ఇంట్లో ఆటలు ఆడే పిల్లలుంటే 5600జీ, లేకపోతే ఐ3. మూడో మాట లేదు. దుకాణంలో ఎవరైనా ఇంకో వెయ్యి, రెండు వేలు తక్కువకి ఐ3-12100ఎఫ్ అనో, రైజెన్ 5 5500 అనో చూపిస్తే కొటేషన్ బాగుందని సంబరపడకండి. ఆ రెండిటిలో గ్రాఫిక్స్ లేదు. కార్డు లేకుండా స్క్రీన్ మీద బొమ్మే రాదు.

బోర్డు విషయంలో పాత సామాను గుర్తు పెట్టుకోండి. ఉన్న మానిటర్‌కి వీజీఏ మాత్రమే ఉంటే వీజీఏ పోర్టు ఉన్న బోర్డే అడగండి, హెచ్610లో అలాంటివి చాలానే ఉన్నాయి. గుండ్రటి పిన్ను పాత కీబోర్డుకి కూడా వాటిలో చోటు ఉంటుంది. ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ బోర్డు మీదే కూర్చునే చోటు) తప్పనిసరి. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాలూ ఉన్నాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. డేటా సెంటర్ల గిరాకీ దెబ్బ ఇళ్ల దాకా వచ్చింది. అందుకని ఎవరి దగ్గరైనా 2016 తర్వాతి డెస్క్‌టాప్‌లోంచి తీసిన డీడీఆర్4 స్టిక్‌లు ఉంటే పారేయనివ్వకండి, ఇప్పుడు క్యాబినెట్ కంటే వాటి విలువే ఎక్కువ. మీ పాత సిస్టమ్‌లో ఉన్న డీడీఆర్2, డీడీఆర్3 మాత్రం కొత్త బోర్డుకి పనికిరావు.

పాత హార్డ్ డిస్క్ సాటా అయితే ఫొటోల కోసం పెట్టుకోవచ్చు. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఆరోగ్యం చూడండి. పసుపు రంగు చూపిస్తే అందులోని ఫొటోలన్నీ ఆ రోజే వేరేచోటికి ఎక్కించేయండి. వెడల్పు రిబ్బన్ కేబుల్ ఉన్న ఐడీఈ డిస్క్‌లకు కొత్త బోర్డుల్లో చోటు లేదు. విండోస్ లైసెన్స్ ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు. పాత సిస్టమ్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ బోర్డుతోనే పోతుంది.

బిగించేటప్పుడు

అసెంబ్లింగ్ షాపువాళ్లకే ఇచ్చినా ఈ నాలుగు మాటలు తెలిసి ఉంటే మంచిది. పాత డబ్బా చూడగానే కుర్రాళ్లు విసుక్కుని తొందరగా కానిచ్చేస్తారు.

ట్రే మీద ఇత్తడి స్టడ్లు ఉంటాయి. బోర్డు సైజు వేరైతే పాత బోర్డుకి వాడిన స్టడ్లన్నీ కొత్తదానికి పనికిరావు. కొత్త బోర్డుని ట్రే మీద ఊరికే పట్టుకుని రంధ్రాలు చూసి, వాటి కింద లేని స్టడ్‌ని తప్పకుండా విప్పేయాలి. ఒక్కటి మిగిలినా బోర్డు వెనక టంకం చుక్కలకు తగిలి షార్ట్ అవుతుంది. చౌక హెచ్610 బోర్డులు వెడల్పు తక్కువ, కుడివైపు అంచుకి స్టడ్ ఆధారం ఉండదు, గాలిలో ఉంటుంది. 24 పిన్నుల ప్లగ్గు సరిగ్గా ఆ అంచునే ఉంటుంది. నొక్కేటప్పుడు కింద వేలు ఆనించండి.

ఇక ముందు వైపు వైర్లు. పవర్ లైట్ కనెక్టర్ పాత డబ్బాల్లో మూడు పిన్నుల వెడల్పు, మధ్యది ఖాళీ. కొత్త బోర్డులో రెండు పిన్నులు పక్కపక్కనే ఉంటాయి. సూదితో ప్లాస్టిక్ గొళ్లెం కొంచెం ఎత్తి చివరి వైరుని మధ్య గదిలోకి జరిపితే సరిపోతుంది. పవర్ బటన్ లోపలికి పోయి ఇరుక్కుంటుంటే, రీసెట్ బటన్ వైరుని తెచ్చి బోర్డు మీద పవర్ స్విచ్ పిన్నులకు పెట్టండి. రెండూ ఒకే రకం స్విచ్‌లు. ఇకనుంచి రీసెట్ నొక్కితే సిస్టమ్ ఆన్ అవుతుంది. ఆడియో కేబుల్‌కి రెండు తలలు ఉంటే ఏసీ97 వదిలేసి హెచ్‌డీ ఆడియో అని ఉన్నది పెట్టండి.

యూఎస్‌బీ దగ్గర మాత్రం తొందరపడొద్దు. పాత క్యాబినెట్లలో కొన్నిటికి ఒకే ముద్దగా కాకుండా ఒక్కో వైరుకి ఒక్కో చిన్న కనెక్టర్ ఉంటుంది: ఎరుపు 5 వోల్టులు, తెలుపు, ఆకుపచ్చ డేటా, నలుపు గ్రౌండ్. బోర్డు పుస్తకంలో కూడా వరస అదే. తారుమారైతే మొదటి పెన్‌డ్రైవ్ పెట్టగానే అది కాలిపోతుంది, బోర్డు పోర్టు కూడా పోవచ్చు. రంగులు వెలిసిపోయి అనుమానంగా ఉంటే ఆ వైర్లు అసలు తగిలించకండి. వెనక పోర్టు నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ లాక్కోవచ్చు, లేదా ఫ్లాపీ డ్రైవ్ ఉండే చోట బిగించే యూఎస్‌బీ 3 ప్యానెల్ కొనుక్కోవచ్చు.

చల్లదనానికి పెద్ద హంగామా అక్కర్లేదు. ప్రాసెసర్ బాక్స్‌లో వచ్చే కూలరే చాలు. పక్క మూతకి ప్రాసెసర్ మీదికి వచ్చే ప్లాస్టిక్ గొట్టం ఉంటే విప్పేయండి, అది పెంటియం 4 వేడి కాలం నాటి ఏర్పాటు, ఇప్పుడు కూలర్‌కి అడ్డు తగులుతుంది. వెనక 80 మిల్లీమీటర్ల పాత ఫ్యాన్ గరగరమంటుంటే కొత్తది వేయండి. ముందు వైపు ఫ్యాన్ బిగించే చోటు ఉంటే, వేసవిలో ముప్పై ఎనిమిది, నలభై డిగ్రీలు చూసే ఊళ్లలో అక్కడ ఒకటి పెట్టుకోవడం మంచిది. పెద్ద గేమింగ్ కార్డు మీద ఆశ ఉంటే మాత్రం ఈ డబ్బా మానేయండి. డ్రైవ్‌ల పంజరం అడ్డం వస్తుంది, గాలి చాలదు. కరెంటు విడిగా అక్కర్లేని ఆర్‌ఎక్స్ 6400 లాంటి చిన్న కార్డు వరకు సరే.

కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, దగ్గర్లో ఉన్నవాళ్లకి మంచి చోటు. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కి, అనంతపురం, హిందూపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా రెండు మూడు షాపుల్లో కాగితం మీద కొటేషన్ రాయించుకోండి. "బడ్జెట్ ఎంత సార్?" అని అడిగితే అంకె చెప్పకండి, సామాను జాబితా ఇవ్వండి. అంకె చెప్తే ఆ అంకెకి సరిపోయే సిస్టమ్ తయారవుతుంది.

"బోర్డు" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోవద్దు, మోడల్ నంబర్ పూర్తిగా ఉండాలి. ప్రాసెసర్ సీలు చేసిన బాక్స్‌లోదేనా అడగండి. బాక్స్‌తో వచ్చిన ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు మూడేళ్ల వారంటీ. బాక్స్ లేకుండా ట్రేలో వచ్చినవాటికి కంపెనీ నేరుగా బాధ్యత తీసుకోదు, కూలర్ కూడా విడిగా కొనాలి. విడిభాగాల మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఆ తగ్గింపు మీ వారంటీ ధర. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. రైజెన్ తీసుకుంటే బోర్డు బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) 5000 జీ సిరీస్‌కి అప్‌డేట్ చేసి ఇవ్వమని అక్కడే చెప్పండి, ఇంటికొచ్చాక డిస్‌ప్లే రాకపోతే మళ్లీ తిరగాలి.

డబ్బాలో బిగించకముందే బోర్డు అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కొత్త ఎస్‌ఎంపీఎస్ మాత్రం తగిలించి ఒకసారి ఆన్ చేయించి చూడండి. స్క్రీన్ మీద బయోస్ కనిపిస్తే సామాను బాగున్నట్టే. తర్వాత క్యాబినెట్‌లోకి ఎక్కించాక రాకపోతే తప్పు స్టడ్లలోనో వైర్లలోనో ఉందని తెలిసిపోతుంది, వెతకడం సులువు.

ఇంటికి తెచ్చాక డబ్బా రేకుని ముట్టుకుంటే చేతికి జుమ్ముమంటే కొత్త ఎస్‌ఎంపీఎస్‌ని తిట్టకండి. ఇంట్లో ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు రేకులోకి వస్తుంది, ఎర్త్ వైరు ఉంటే అది భూమిలోకి పోవాలి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టేవాళ్ల ఇళ్లలో ఇది ఎప్పుడూ ఉండే గొడవే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్‌కి ఎర్త్ అందుతోందో లేదో చూపించుకోండి. కొత్త సిస్టమ్ దాని తర్వాతే తగిలించండి.